గాజాయన కొలత

గాజు మీద తట్టకు తల్లీ. కూర్చో. ఆ కుర్చీకి ఒక కాలు కుంటి, గోడకి జరుపుకుని కూర్చో. ఆఁ, అలా. లైటు కూడా వెయ్యకు, ఇంకా వెలుతురు ఉందిగా. సాయంత్రం పూట వాటికి చాలా పని ఉంటుంది, హఠాత్తుగా లైటు పడితే బెదిరిపోతాయి. మీ అమ్మ చెప్పి పంపిందంతా విన్నాను. ఒక్కడివే ఉండొద్దు మామా, మా దగ్గరికి వచ్చెయ్, వెనక గది ఖాళీ చేయించాను, మంచం వేయించాను అంది. సంతోషం. మేనకోడలు పిలవడం, దాని కూతురు సెలవు పెట్టుకుని మరీ తీసుకెళ్లడానికి రావడం, ఎంతమందికి దక్కుతుంది చెప్పు. చేపల తొట్టి మాత్రం తేవద్దంది. అదీ విన్నాను. ఆ ఒక్క మాట దగ్గర నువ్వు నీళ్లు నమిలావు. మొహమాటం దేనికి, నేను అనుకుంటూనే ఉన్నాను. మీ అమ్మ కోపం చేపల మీద కాదమ్మా, ఆ తొట్టి చేసిన మనిషి మీద. ఆయన ఫొటో ఒక్కటి కూడా మీ ఇంట్లో లేదని నువ్వు చిన్నప్పుడు అడిగావు, గుర్తుందా. అడిగితే మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను అక్కడే ఉన్నాను. కాఫీ తాగుతూ కూర్చున్నాను.

ఎవరంటే, మీ అమ్మకి నాన్న, నాకు బావ, మా అక్క మొగుడు. వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, గాజాయన అనేవాళ్లు. కిటికీలకి పలకలు బిగించడం, ఫొటోలకి అద్దాలు కట్టడం, ఎవరైనా అడిగితే చేపల తొట్లు చెయ్యడం, అదీ ఆయన పని. ఇప్పట్లా జిగురు గొట్టాలు ఎక్కడివి అప్పుడు. ఇనప చట్రం అతికించి, దాంట్లో పలకలు దించి, సందుల్లో లప్పం పట్టించి, పది రోజులు ఆరబెట్టేవాడు. తర్వాత నీళ్లు పోసి, కింద కాగితం పరిచి, ఇంకో మూడు రోజులు చూసేవాడు, ఎక్కడైనా చుక్క పడుతుందేమోనని. కొనడానికి వచ్చినవాడు ఎంత తొందర పెట్టినా సరే, ఆ మూడు రోజులూ మూడు రోజులే. ఈ తొట్టి అదే. యాభై రెండేళ్లు. ఇప్పటికీ చుక్క కారదు. గాజు కోసేముందు రెండుసార్లు కొలిచేవాడు, మూడోసారి వేళ్లతో తడిమి చూసుకునేవాడు. ఎదురుగా ఒక టైలరమ్మ ఉండేది, నోరు గల మనిషి, కుట్టు మిషను తొక్కుతూనే వీధంతా చూసేది. "ఏమయ్యా గాజాయనా, అన్నిసార్లు కొలుస్తావు, నువ్వు కొలిచేలోపు నేను రెండు చొక్కాలు కుట్టేశాను" అనేది. ఆయన తలెత్తకుండా, "నీ గుడ్డ తక్కువైతే అతుకు వేస్తావమ్మా, నా గాజు తక్కువైతే దానికి దండం పెట్టాలి" అనేవాడు. నెలకి ఒక మాటో రెండు మాటలో అలాంటివి. మిగతా నెలంతా మౌనమే.

నేను అదే ఇంట్లో పైగదిలో ఉండేవాణ్ణి. ఇరవై ఆరేళ్లు నాకు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరుగా చేరాను. తెల్లవారుజామున అయిదింటికి సైరన్ నొక్కేది నేనే. ఆ సైరన్ విని జనం గడియారాలు సరిచేసుకునేవాళ్లు. ఒక్క నిమిషం అటూ ఇటూ పోనిచ్చేవాణ్ణి కాదు. బీడీ లేదు, పేకాట లేదు, నోట్లోంచి అబద్ధం రాదు. అలా పేరు నాకు. మా అమ్మ, అంటే మీ తాతమ్మ, పదిమందిలో చెప్పుకునేది, "నా కొడుకు ఒక మాటన్నాడంటే అది చెక్కిన రాయి" అని. ఆ పేరంటే నాకు ఎంత మోజో. మనిషికి తాగుడు కంటే చెడ్డ వ్యసనం అది, మంచివాడన్న పేరు. తాగినవాడికి పొద్దున్నకైనా దిగుతుంది.

ఏం చెప్తున్నాను. ఆఁ, చేపలు. చూడు, ఆ పగిలిన కుండ పెంకు దగ్గర. సిక్లిడ్ జాతి అంటారట. అంగడివాడు ఇంకేదో పొడుగు పేరు చెప్తాడు, నాకు నోరు తిరగదు. మేం చారల చేప అనేవాళ్లం. వేలెడంత ఒళ్లు, బూడిద రంగు, దాని మీద నల్ల పట్టీలు. పెద్దది మగది. చిన్నది, పొట్ట మీద నారింజ మరక ఉంది చూడు, అది ఆడది. మామూలుగా చేప అంటే ఏం చేస్తుంది, గుడ్లు వదిలేసి తన దారిన తను పోతుంది. ఇవి అలా కాదు, జంట కడతాయి. పెంకు కింద ఉన్న గులకరాళ్లని నోటితో ఒక్కొక్కటే మోసి అవతల పారేస్తాయి, ఇల్లు ఊడ్చుకున్నట్టు. లోపల పైకప్పుకి గుడ్లు అంటిస్తుంది ఆడది. ఇక మూడు రోజులు రెక్కలతో విసురుతూనే ఉంటుంది, వాటికి మంచి నీరు తగలాలని. ఏదైనా గుడ్డు తెల్లబడితే ఏరి తినేస్తుంది, బూజు పక్కదానికి అంటకుండా. మొదటిసారి చూసి నేను ఛీ అనుకున్నాను, సొంత గుడ్డు తింటుందని. మగవాడు బయట కాపలా. తన కంటే నాలుగింతలున్న దాన్నయినా సరే మీదపడి తరుముతాడు. పిల్లలు పుట్టాక కూడా కొన్నాళ్లు ఈదలేవు, తోకలాడిస్తూ కుప్పగా పడి ఉంటాయి. వాటిని ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి మారుస్తూ ఉంటారు ఇద్దరూ. తర్వాత ఒక రోజు మబ్బులాగా లేస్తాయి. అప్పుడు తల్లి ఏం చేస్తుందంటే, అడుగున పడి ఉన్న ఆకుని కదిపి, ఒంటితో రుద్ది, కింది నలుసులన్నీ పైకి లేపుతుంది. పిల్లలు ఎగబడి తింటాయి. తల్లి తినదు ఆ కాసేపూ. ప్రమాదం అనిపిస్తే ఒళ్లు ఒక్కసారి విదిలిస్తుంది. అంతే, నూరు పిల్లలూ నేలకి దిగి రాళ్లలో రాళ్లలా ఉండిపోతాయి. ఒక మాట లేదు, ఒక అరుపు లేదు.

అదిగో. ఉలిక్కిపడ్డావు. చూశావా, దూరంగా పోయిన పిల్లని మగవాడు గుటుక్కుమని నోట్లో వేసుకున్నాడు. తినేశాడు అనేగా అనుకున్నావు. లేవకు, ఊరికే చూస్తూ ఉండు. ఇప్పుడు కిందికి వస్తాడు. గుంట దగ్గర. ఆఁ. ఉమ్మేశాడా. బతికే ఉందా. చీకటి పడేముందు తప్పిపోయినవాటిని ఒక్కొక్కదాన్నీ ఇలాగే నోట్లో వేసుకొచ్చి గుంటలో పడేస్తారు. చంటిపిల్లని చంకనేసుకుని ఇంట్లోకి తెచ్చినట్టు. వీటికి చేతులు లేవు కదా, ఏం చేస్తాయి, నోరే చెయ్యి. ఇవి ఆనాటి చేపల సంతతి కావులే, అంగట్లో కొన్నవే. కానీ పని మాత్రం అదే పని. నువ్వు ఉలిక్కిపడి ఊరుకున్నావు. నేను ఊరుకోలేదు. అక్కడికే వస్తున్నాను.

మా అక్క జ్వరంతో పోయేటప్పటికి మీ అమ్మకి ఎనిమిది నెలలు. వారం రోజుల జ్వరం, అంతే. మా అమ్మ అప్పుడే అంది, పిల్లని నేను తీసుకుపోతాను, మగవాడు ఏం పెంచుతాడు అని. బావ తల అడ్డంగా ఊపాడు. పాలు కాచడం, గుడ్డలు ఉతకడం, జోకొట్టడం, అన్నీ కొలత ప్రకారం నేర్చుకున్నాడు. పిల్ల పాకుతున్నంత కాలం బాగానే గడిచింది. నడక వచ్చాక మొదలైంది అసలు కష్టం. నువ్వే ఆలోచించు, అది గాజు కోసే గది. కోత బల్ల కింద ఎంత ఊడ్చినా ముక్కలు ఉంటాయి, బియ్యపుగింజలో సగమంతవి, కంటికి కనపడవు. అక్కడ ఏడాదిన్నర పిల్ల తప్పటడుగులు వేస్తూ తిరుగుతుంది. ఇంకో గది లేదు, చూసుకునే మనిషి లేదు. మా అక్క దుప్పటి ఒకటి బావ చింపి, నాలుగు మడతలు పెట్టి, పట్టీలా కుట్టాడు. టైలరమ్మని అడగలేదు, తనే కుట్టాడు. ఒక కొస పిల్ల నడుముకి, ఒక కొస బెంచీ కాలికి. గాజు కోస్తున్నంతసేపే. పని అవగానే విప్పి ఎత్తుకునేవాడు.

టైలరమ్మ ఊరుకుంటుందా. నేను పంపు దిగి వస్తుంటే వీధిలోనే ఆపింది. "ఏమయ్యా పంపు బాబూ, మీ బావ పిల్లని దూడని కట్టినట్టు కట్టేస్తున్నాడు, చూశావా లేదా. అది తాడు కొసకి వెళ్లి, అటు సాగి సాగి, ఏడ్చి ఏడ్చి పడిపోతోంది. తల్లి లేని పిల్ల. నీ కళ్లకి కనపడదా, నీకు సైరనే కానీ గుండె లేదా" అంది. ఆవిడ చెడ్డదని కాదు, పాపం, జాలి ఎక్కువ, దూరం నుంచి చూసే జాలి. నేను గడప దగ్గర నిలబడి చూశాను. నిజమే, కట్టి ఉంది. పిల్ల పట్టీ కొసన నిలబడి గునుస్తోంది. ఎంతసేపు చూశానంటావు, చెప్పులు వేసుకుని ఉన్నాను, విప్పను కూడా లేదు. ఆ ఆదివారమే అమ్మ దగ్గరికి వెళ్లి చెవిలో వేశాను. బావ పిల్లని కట్టేస్తున్నాడమ్మా, నా కళ్లతో చూశాను అని. అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. నేను అబద్ధం ఆడలేదు. జీవితంలో ఆడలేదు. అదే చెప్తున్నాను నీకు, అబద్ధం ఆడకుండా చెయ్యగలిగిన పాపాలు బోలెడున్నాయి.

ఆ వారంలోనే చేపల సంగతి. పక్క ఊళ్లో ఏదో బడికి కిటికీలు బిగించే పని వచ్చింది బావకి. పిల్లని ఎత్తుకుని, గాజు పలకల లారీలోనే ఎక్కి వెళ్లాడు. మర్నాడు సాయంత్రం వస్తాను, చేపలకి చిటికెడు మేత వెయ్యి, ఇంకేం ముట్టుకోకు అని నాకు తాళం ఇచ్చాడు. ఇదే తొట్టి. చారల చేపల జంట, అప్పుడే మబ్బులా లేచిన పిల్లలు, ఇంకా ఆ మూలన రెండు మీసాల చేపలు కూడా ఉండేవి, లావుపాటివి. నేను సాయంత్రం వెళ్లి మేత వేసి చూస్తున్నాను. మగవాడు ఒక పిల్లని నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. నా ఒళ్లు మండిపోయింది. కన్న తండ్రే తినేస్తున్నాడు, ఎవరూ అడిగేవాళ్లు లేరా అనిపించింది. వల ఉంది గోడకి. తీసి మగవాణ్ణి పట్టి బకెట్లో పడేశాను. పంపు దగ్గర నీళ్లలో క్లోరిన్ మందు కలిపే మనిషిని నేను, నీళ్ల సంగతి తెలుసు కాబట్టి నిన్న పట్టి ఉంచిన నీళ్లే పోశాను, మందు వాసన పోయినవి. అంత జాగ్రత్త. ఎంత తృప్తిగా పైకెక్కి పడుకున్నానో తెలుసా. ఒక న్యాయం చేసి వచ్చినట్టు.

పొద్దునకి పిల్లలు సగం లేవు. సాయంత్రానికి పది మిగిలాయో లేదో. మీసాల చేపలు రెండూ కడుపులు ఉబ్బి మూలన పడుకున్నాయి. పాపం ఆడది ఒక్కతే ఎటని చూస్తుంది, ఇటు తరిమితే అటు వస్తాయి. బావ వచ్చాడు. పిల్ల భుజం మీద నిద్రపోతోంది. తొట్టి చూశాడు, బకెట్ చూశాడు, నన్ను చూశాడు. "ఎందుకు తీశావు" అన్నాడు. తినేస్తున్నాడు బావా, కళ్లారా చూశాను అన్నాను. కళ్లారా అని గట్టిగా అన్నాను. ఆయన కోప్పడితే బాగుండేది. పిల్లని పడుకోబెట్టి వచ్చి, "ఉమ్మేదాకా ఆగి చూడాల్సింది" అన్నాడు. అంతే. మగవాణ్ణి మెల్లగా తొట్టిలో వదిలాడు. ఆడది వచ్చింది. నేను అనుకున్నాను, దగ్గరికి వస్తుంది, కలుస్తారు అని. రావడం రావడమే మీదపడి పొడిచింది. రెక్క చీరేసింది. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు వేరే నీళ్లలో ఉన్నాడు, అంతే, దానికి వీడు పరాయివాడు. బావ అద్దం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. మూడుసార్లు వదిలి చూశాడు, మూడుసార్లూ తరిమింది. చివరికి తనే తీసి వేరే సీసాలో పెట్టాడు.

ఇది జరిగింది మంగళవారం. గురువారం మా అమ్మ వచ్చింది.

నీళ్లు అందుకో తల్లీ. చాలు.

వచ్చి బెంచీ మీద కూర్చుంది, చుట్టూ చూసింది. పట్టీ బెంచీ కాలికి వేలాడుతోంది. "అయితే నిజమేనన్నమాట" అంది. బావ కోత బల్ల పక్కన నిలబడ్డాడు, పిల్లని ఎత్తుకుని. టైలరమ్మ మిషను ఆపేసింది, నాకు ఇప్పటికీ వినిపిస్తుంది ఆ మిషను ఆగిన చప్పుడు. అమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. పిల్లని కడతావా, పశువా అది, నా కూతురు పోయి ఏడాది కాలేదు అంది. బావ నా వైపు తిరిగి, "మీ అబ్బాయి పైనే ఉంటాడు. రోజూ చూస్తాడు. వాణ్ణి అడగండి. వాడేం చెప్తే అదే" అన్నాడు. నన్ను నమ్మాడమ్మా. రెండు రోజుల కిందట ఆ మాట చెప్పిన మనిషి, ఆగి చూడమని చెప్పిన మనిషి, ఇప్పుడు వీడికి తెలిసింది కదా అనుకున్నాడు. నాకూ తెలుసు అప్పటికి. గాజు కోసేటప్పుడే కడతాడు, ముక్కలు గుచ్చుకోకుండా కడతాడు, అవగానే విప్పుతాడు, ఈ మూడు మాటలు చాలు. నోటి చివర ఉన్నాయి. కానీ అవి చెప్తే, ఆదివారం నేను చెప్పింది తప్పని నా నోటితో నేనే ఒప్పుకోవాలి, అమ్మ ముందు, టైలరమ్మ ముందు. చెక్కిన రాయి కదా నేను. "కట్టిన మాట నిజమే" అన్నాను. అక్కడితో ఆపేశాను.

బావ పిల్లని అమ్మ చేతికి ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, "పడుకునేముందు కుడి చెవి తమ్మె మెల్లగా రుద్దుతూ ఉండాలి. అప్పుడే నిద్రపోతుంది" అన్నాడు. మీ అమ్మ ఇప్పటికీ, గమనించావా, నిద్ర పట్టనప్పుడు తన చెవి తనే రుద్దుకుంటుంది. ఎందుకో తనకి తెలియదు.

ఆ పట్టీ బెంచీ కాలికి అలాగే ఉండిపోయింది. ఆయన విప్పలేదు. ఒకరోజు ఆయన లేనప్పుడు నేను నేల మీద కూర్చుని ఆ కొస పట్టుకుని సాగదీశాను. ఎందుకు చేశానో. కోత బల్ల వైపు లాగితే, ముక్కలు పడే చోటికి సరిగ్గా ఒక జానెడు ఇవతల ఆగిపోయింది. వీధి గుమ్మం వైపు లాగితే, గడప దాకా వచ్చింది, గడప దాటదు. చేపల తొట్టి వైపు లాగాను. అద్దానికి నా అరచెయ్యి ఆనింది. పిల్ల ఎత్తులో చెయ్యి పెట్టి చూశాను, అక్కడ అద్దం మీద చిన్న చిన్న వేలిముద్రలు, జిడ్డుగా, పొరలు పొరలుగా. తుడవలేదు ఆయన. రెండుసార్లు కొలిచి మూడోసారి తడిమి చూసుకునే మనిషి, పట్టీని కూడా కొలిచాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేలా, ఎక్కడ అందాలో అక్కడ అందేలా. పిల్ల కొసకి సాగి గునిసేది ఏడుపు కాదు, చేపల దగ్గరికి పోవాలని తొందర. అది కూడా టైలరమ్మ మిషను దగ్గర్నుంచి కనపడదు. నేను నిలబడిన గడప దగ్గర్నుంచి కనపడేదే. చెప్పులు విప్పి నాలుగడుగులు లోపలికి వేసి ఉంటే.

చెప్పొచ్చు కదా అప్పుడైనా, అంటావు. నువ్వు అనకపోయినా నీ మొహం అంటోంది. రేపు చెప్తాను, ఆదివారం చెప్తాను అనుకుంటూ ఎనిమిది నెలలు జరిపాను. నిమిషం తప్పకుండా సైరన్ కొట్టిన మనిషిని, చూడు. చివరికి నేను చెప్పకుండానే తేలింది. ఒక ఆదివారం అమ్మ ఇంటికి వెళ్తే, వంటింట్లో మీ అమ్మ నడుముకి తువ్వాలు, తువ్వాలు కొస కిటికీ ఊచకి. పొయ్యి మీద గంగాళం కాగుతోంది. అమ్మ నన్ను చూసి, "ఏంట్రా అలా చూస్తావు, వేడినీళ్లు దింపుతున్నాను, అది కాళ్లకి అడ్డం పడుతోంది" అంది. అని, గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గంగాళం దింపింది, తువ్వాలు విప్పింది, పొయ్యి ఆర్పింది. నా మొహం చూడకుండా, "రేపు దీన్ని వాళ్ల నాన్న దగ్గర దింపిరా" అంది. మా అమ్మలో అది ఉంది. తప్పు కనపడితే దిద్దుకునేది. చెప్పేది కాదు, దిద్దేది.

ఎత్తుకుని వెళ్లాను. దారి పొడుగునా సంతోషమే నాకు, ఏమీ ఒప్పుకోకుండానే అంతా సర్దుకుంటోంది కదా అని. బావ కోత బల్ల దగ్గర ఉన్నాడు. చేతులు తుడుచుకుని, ఒకసారి కాదు, నాలుగుసార్లు తుడుచుకుని వచ్చాడు. పిల్లని దింపాను. అది నేరుగా తొట్టి దగ్గరికి పోయి అద్దం మీద చెయ్యి పెట్టింది. చోటు గుర్తుంది దానికి. బావ మెల్లగా వెనక నుంచి వచ్చి కూర్చున్నాడు. తిరిగి చూసి కెవ్వుమంది. నా కాళ్లు చుట్టేసుకుంది. ఒక రోజు చూశాం, రెండు రోజులు, మూడు రోజులు. పాలు తాగలేదు. ఆయన దగ్గరికి వస్తే వణికేది. నిద్రలో చెవి రుద్దబోతే లేచి ఏడ్చేది. ఆయన ఆ మూడు రోజులూ దుకాణం తెరవలేదు. మూలన నేల మీద కూర్చుని, పిల్ల తన వైపు చూడకుండా ఉన్నప్పుడు మాత్రం చూసేవాడు, చూస్తే భయపడుతుందని. నాలుగో రోజు పొద్దున, "తీసుకెళ్లు" అన్నాడు. నేను, బావా, ఇంకో నాలుగు రోజులు చూద్దాం అన్నాను. "మూడుసార్లు చూశాం కదా" అన్నాడు. ఆయన చేపల లెక్క చెప్తున్నాడని నాకు తెలుసు. నాకు అర్థమైందని ఆయనకీ తెలుసు.

ఆ తర్వాత పండో బొమ్మో పట్టుకుని ప్రతి ఆదివారం అమ్మ ఇంటికి వచ్చేవాడు. లోపలికి రాడు, అరుగు మీద ఉంచి కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. ఎనిమిదేళ్లప్పుడు మీ అమ్మ ఒక రోజు అడిగింది, "అమ్మమ్మా, మా నాన్న నన్ను ఎందుకు ఉంచుకోలేదు" అని. అమ్మ అప్పటికి ముసలిదైపోయింది, ఆ కథంతా ఎక్కడ చెప్తుంది, పైగా చెప్తే తన కొడుకు పేరు వస్తుంది. "తీసుకెళ్లమన్నాడే, ఏం చేస్తాం" అంది. మీ అమ్మ నా వైపు తిరిగి, "నిజమా మామా" అంది. నిజమే కదా, ఆ మాట ఆయన అన్నాడు, నా చెవులతో విన్నాను. నిజమేనమ్మా అన్నాను. రెండోసారి. అక్కడితో ఆపేశాను, రెండోసారి. ఆ మరుసటి ఆదివారం మీ అమ్మ అరుగు మీది పండు తీసుకెళ్లి ఆయన వెనకే పరిగెత్తి చేతిలో పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత ఆయన రాలేదు. ఆయన పోయిననాడు మీ అమ్మ వచ్చింది, గడప అవతలే నిలబడింది, లోపలికి రాలేదు. సరిగ్గా నేను నిలబడిన చోటే. ఇరవై మూడేళ్లు అప్పటికి తనకి. తొట్టి, పట్టీ, నేను తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఈ చేపల్ని పెంచుతున్నాను, పొద్దునా సాయంత్రం చూస్తున్నాను. చూస్తే ఏం, చెప్పాల్సిన చోట చెప్పలేదు.

వద్దు. నువ్వు చెప్పకు. నాకు తెలుసు, నువ్వు మెత్తగా చెప్తావు, తాతయ్య పెద్దవాడైపోయాడు, బాధపడుతున్నాడు అని ముందే నాలుగు మెత్తలు పరిచి చెప్తావు. తప్పు ఒప్పుకోవడం ఇంకొకరి చేతికి ఇచ్చి పంపే సరుకు కాదు. ఆ ట్రంకు పెట్టెలో అడుగున ఉంది పట్టీ, తెల్లగుడ్డలో చుట్టి. అది ఒక్కటి నా సంచిలో పెట్టు. బట్టలు పెట్టకు. తొట్టి ఇక్కడే ఉండనీ, పక్కింటాయన ఒక పూట మేత వేస్తాడు, ఏమీ ముట్టుకోకూడదని చెప్పి వస్తాను. రేపు మీ అమ్మని కూర్చోబెట్టి, ఆ కొస తన చేతికి ఇచ్చి చెప్తాను. మూడు మాటలే, అప్పుడు చెప్పాల్సినవే. విన్నాక ఆ వెనక గదిలో మంచం ఉంచుతుందో తీయించేస్తుందో తన ఇష్టం. తీయించేస్తే సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను, నువ్వు అడ్డం రాకు. తొట్టి తేవాలా వద్దా అన్నది అప్పుడు తనే చెప్తుంది.

బస్సు ఎన్నింటికన్నావు. పొద్దున ఏడుంబావుకా. సరే. లేచి, వెళ్లేముందు తొట్టిలో మార్చడానికి పట్టి ఉంచిన ఆ బకెట్లో నీళ్లు వాసన చూడు తల్లీ, నిన్నటివేనా, మందు వాసన పోయిందా.